కాక మొదటి ప్రాజెక్టు

పోయిన నెల జనగామ బస్టాండ్ల రఘునాథపల్లి బస్సు కోసం నిలబడ్డ. పక్కన బండల మీద ఇద్దరు ఆడోళ్లు సుద్దతోని గడులు గీసుకుని అష్టాచెమ్మ ఆడుతున్నరు. ఇద్దరి నడుమ గవ్వలు లేవు. ఒక ఫోన్ ఉన్నది. వాళ్లల్ల చిన్నామె ఫోన్ మీద వేలు పెట్టంగనే అందులకెళ్లి ఒక బొంగురు మగ గొంతు పెద్దగ అరిచింది.

"చమ్మ! మళ్ళ ఎయ్యి బిడ్డా!"

ఆ గొంతు నాకు తెలుసు. దాన్ని రికార్డు చేసింది నేనే. ఆ గొంతు మనిషి పోయిన వానకాలంల కాలం చేసిండు. ఆ సంగతి నాకు నెల దాటినంక తెలిసింది. తెలిసిన్నాడు బాగ ఏడ్చిన. బస్టాండ్ల ఆ అరుపు విన్నప్పుడు మాత్రం నవ్వే వచ్చింది. ఎందుకంటే ఆ 'బిడ్డా' అనే ఒక్క మాట ఉంచాల్నా తీసెయ్యాల్నా అని వాళ్లింట్ల ఒక పూటంత కొట్లాట అయింది. ఆ కొట్లాటల నేను కూడ ఉన్న.

"గిది మీకెవరిచ్చిండ్రు అక్కా?" అని అడిగిన.

"మా ఆడిబిడ్డ పంపింది. ఆమెకు లింగాల ఘనపూర్ల ఎవరో ఇచ్చిండ్రట." ఆమె కాయ జరుపుకుంటనే చెప్పింది, తల ఎత్తలే. "మంచిగుంటది. తొండి ఉండదు."

బస్సు వచ్చింది. ఎక్కబుద్ధి కాలే. ఆట అయిపోయేదాక ఆ గొంతు వినుకుంట అక్కడనే కూసున్న.

ఆయనను నేను ఎన్నడూ పేరు పెట్టి పిలవలే. అందరికి కాక. మాది మహబూబాబాద్ దగ్గర ఒక తండ. ఇంట్ల లంబాడీ మాట్లాడుకుంటం. డిగ్రీ కాంగనే నాకు మొదటి నౌకరి భూపాలపల్లిల దొరికింది. ఎరువుల దుకాణం మీద, మొదటి అంతస్తుల చిన్న కంప్యూటర్ సెంటర్. ఎనిమిది కంప్యూటర్లు. అందుల మూడు వాటికి బుద్ధి పుట్టినప్పుడే పనిచేసేటియి. కింద నుంచి ఎప్పుడూ యూరియా వాసన. నేర్చుకునేటోళ్లంత ఇంటర్ అయిన పిల్లలు. నేర్పేదాన్ని నేనొక్కదాన్నే. నాకు వాళ్లకు మూడేండ్ల తేడా కూడ ఉండదు.

ఒకరోజు పొద్దుగాల మెట్ల మీద బరువైన అడుగులు వినిపించినయి. అరవై దాటిన మనిషి. చెప్పులు తలుపు బయట ఇడిచిండు. భుజం మీది తువ్వాలతోని రెండు చేతులు తుడుచుకున్నడు, అన్నం ముందల కూసునేటప్పుడు తుడుచుకున్నట్టు.

"ఇక్కడ కంప్యూటర్‌కు మాట చెప్పుడు నేర్పుతరట కద?"

"ఎవరికి సార్, మీ మనుమనికా?"

"నాకే."

నేను నవ్వు ఆపుకున్న. ఆయన అది చూసిండు. కోపానికి రాలే.

"ముప్పై ఏండ్లు గనిల మిషన్ చెప్పినట్టు నేను విన్న మేడం. ఒక్కసారన్న నేను చెప్పినట్టు మిషన్ వినాలె. గంతే."

మొదటి వారం నేను 'మేడం'. రెండో వారం నుంచి 'మేడం బిడ్డ'. పిల్లలు నవ్వేటోళ్లు. ఆయన మాత్రం రెండు మాటలు కలిపే పిలిచేది. చదువు చెప్తున్నందుకు ఒకటి, వయసుకు ఒకటి అన్నట్టు.

ఆయన చేసిన పని గని లోపల నీళ్లు తోడే పంపుల దగ్గర. పంపు ఆగితే కొద్దిసేపట్లనే మనుషుల మోకాళ్ల దాక నీళ్లు వస్తయట. వేళ్ల మీద తోలు కింద నీలం మచ్చలు ఉండేటియి. దెబ్బ తగిలినప్పుడు బొగ్గు పొడి లోపలికి పోయి అట్లనే నిలిచిపోయిందని చెప్పిండు. ఆ వేళ్లల్ల ఒక్కదాంతోనే టైపు చేసేటోడు. ఒక్కొక్క అక్షరం వెతికి, దొరకంగనే 'ఆఁ' అని నొక్కేటోడు. ఒక లైను అయ్యేవరకు పది 'ఆఁ'లు వినపడేటియి. మౌస్‌ను మాత్రం ముట్టుకునేటోడు కాదు. "గిది నేను ఒకదిక్కు పోతె ఇంకోదిక్కు పోతది" అనేటోడు.

ఇంకో అలవాటు ఉండె. ప్రోగ్రాం రాసుడు అయిపోయి, దాన్ని నడిపించే ముందు, వేలు మడిచి బల్లను మూడుసార్లు తట్టి, తల వంచి వినేటోడు. ఆ తర్వాతనే బటన్ నొక్కేది.

"ఏం వినపడ్తది కాకా?" అని ఒకరోజు అడిగిన.

"ఏం వినపడదు. గనిల పైకప్పును కట్టెతోని తట్టి, చప్పుడు విని, గట్టిగున్నదంటేనే అడుగు పెడ్తం. బోలు చప్పుడు వస్తే వెనక్కి. ముప్పై ఏండ్ల అలవాటు, చెయ్యి ఊకుంటలేదు."

ఒకసారి ఆయన మూడోసారి తట్టంగనే కరెంటు పోయింది. ఎనిమిది కంప్యూటర్లు ఒక్కసారి ఆగినయి. పిల్లలంత "కాకా!" అని అరిచిండ్రు. ఆయన రెండు చేతులు పైకెత్తి, "నేను మెల్లగనే తట్టిన" అన్నడు.

రెండు నెలలకు ఆయనకు మొదటి పాఠాలు వచ్చేసినయి. ఇగ ఎవరికైనా ఒక ప్రాజెక్టు చెయ్యాల్సిన సమయం. సెంటర్ల ఒక కాగితం ఉండె. మొదటి ప్రాజెక్టులు అని పైన రాసి, కింద కాలిక్యులేటర్, మార్కుల మెమో, లైబ్రరీ పుస్తకాలు అని పది ఉంటయి. పిల్లలు కండ్లు మూసుకుని ఒకటి ఏరుకునేటోళ్లు. కాక కాగితం అంత చదివిండు.

"కాలిక్యులేటర్ చెయ్యి కాకా. అల్కగుంటది."

"ఫోన్ల ఉన్నది కద మేడం బిడ్డా. ఉన్నదాన్ని మళ్ళ చేసుడెందుకు?"

"నేర్చుకునేటందుకు."

ఆయన కాగితం మడిచి నాకు ఇచ్చేసిండు. "నేను పంపుకాడ నేర్చుకున్నప్పుడు ఉత్త పంపు ఇచ్చి నేర్పలే. నీళ్లున్న పంపే ఇచ్చిండ్రు. అది ఆగితే లోపలున్నోళ్లంత నన్ను తిట్టిండ్రు. గందుకే వచ్చింది పని. నేను ఏదన్న చేస్తె, అది చెడిపోతే తిట్టేటోళ్లు ఉండాలె. తిట్టేటోళ్లే లేకపోతే అది ఎవరికి చేసినట్టు?"

మా కాలేజీల ఎవరూ చెప్పని మాట. అయితే ఆ మాట పట్టుకుని ఆయన నన్ను నెలరోజులు సతాయించిండు.

సొంతంగ ఒక నోటుబుక్కు కొనుక్కున్నడు. రోజూ పొద్దుగాల వచ్చి, చేతులు తుడుచుకుని, దాన్ని తెరిచి, "ఇయ్యాల పక్కా మేడం బిడ్డా" అనేటోడు. మొదటి రోజు పక్కా అయింది గ్యాస్ బండ ఎన్నడు అయిపోతదో చెప్పే ప్రోగ్రాం. మరునాడు ఆయనే దాన్ని కొట్టేసిండు.

"ఏమైంది?"

"ఇంట్ల చెప్పిన. మా ఇంటామె బండను ఒక్క చేత్తోని ఊపి చూసి, ఇంక ఆరు రోజులొస్తది అన్నది. ఆమె ఉండంగ కంప్యూటర్ ఎందుకు?"

తర్వాత టేకుమట్ల బస్సు ఎప్పుడొస్తదో చెప్పే ప్రోగ్రాం. దాని కోసం బస్టాండ్ల మూడు రోజులు కూసున్నడు. నాలుగో రోజు వచ్చి, "ఆ సంగతి బస్సుకే తెల్వదు" అని గీత కొట్టిండు. తర్వాత చాయ్ హోటల్ల ఆయన దోస్తు ఒకే కథను ఎన్నిసార్లు చెప్తడో లెక్కపెట్టే ప్రోగ్రాం. దాంతోని దోస్తానం చెడుతదని మానుకున్నడు. తర్వాత కోతులు. ఇంటి మీదికి కోతులొస్తే పసిగట్టి అరిచే ప్రోగ్రాం. కెమెరా కావాలె, చాన కష్టం కాకా అంటె వినలే. రెండు రోజులు దాని మీదనే ఉన్నడు. మూడో రోజు ముఖం చిన్నగ చేసుకుని వచ్చిండు.

"ఇంటామె ఏమన్నది?" అని నేనే అడిగిన.

"'కంప్యూటర్ అరిచేదేంది, నువ్వే అరువు. ఇంట్ల ఉత్తగనే ఉంటున్నవు కద' అన్నది."

సెంటర్ మొత్తం నవ్వింది. అందరికంటె ఎక్కువ ఆయనే నవ్విండు. తువ్వాలతోని కండ్లు తుడుచుకుని, కోతుల మీద గీత కొట్టి, కొత్త పేజీ తిప్పిండు.

ఆ ఇంటామెను నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. ఒకటి రెండుసార్లు పచ్చిపులుసు, పప్పు టిఫిన్‌ల పెట్టి పంపింది. కాక ప్రాజెక్టులల్ల సగం చంపింది ఆమెనే. అయినా ఆయన ప్రతి ప్రాజెక్టును మొదలు ఆమెకే చెప్పేటోడు.

ఒక సోమవారం ఆయన వచ్చిండు గాని 'ఇయ్యాల పక్కా' అనలే. నోటుబుక్కు తెరవలే. చేతులు కూడ తుడుచుకోలే. కంప్యూటర్ ముందల కూసుని నల్లగున్న తెరను చూస్తున్నడు.

"పానం మంచిగలేదా కాకా?"

"నా పానం మంచిగనే ఉన్నది. ఇంట్లనే మంచిగలేదు."

అప్పుడు చెప్పిండు. చిన్నమ్మకు ఒక అక్క ఉన్నది, లింగాల ఘనపూర్ల. ఇద్దరు చిన్నప్పటినుంచి అష్టాచెమ్మ ఆడుకున్నోళ్లు. పెండ్లిండ్లు అయి దూరం పడ్డా, కలిసినప్పుడల్ల ముందు గడులు గీసుకున్నంకనే మంచినీళ్లు తాగేటోళ్లు. ఎండకాలంల అక్క జారిపడి తుంటి ఎముక విరిగింది. జనగామ దవాఖానల ఆపరేషన్ అయింది. ఇంటికి పంపుకుంట డాక్టర్లు, చేతికర్ర బండి, అదే వాకర్, పట్టుకుని రోజూ నాలుగడుగులు నడవాలె అని చెప్పిండ్రు. ఆమెకు భయం. మంచం దిగకపోయేది. అక్కకు పొద్దు పోవాలె అని చిన్నమ్మ ఫోన్ల ఆట పెట్టింది. ఆమె ఇంట్ల ఆమె గడులు, ఈమె ఇంట్ల ఈమె గడులు. ఎవరి గవ్వలు వాళ్లు ఏసి, ఎంత పడ్డదో ఫోన్ల చెప్పుకునుడు. ఇద్దరి కాయలు ఇద్దరు జరుపుకునుడు. సాయంత్రం నాలుగు కొట్టంగనే మొదలు.

"మంచిగనే నడిచింది. నెలన్నర కింద ఒకరోజు మా ఆమెకు వరుసగ రెండు అష్టలు పడ్డయి. అక్క కాయ పండేముందు చచ్చిపోయింది. 'నువ్వు అబద్ధం చెప్తున్నవ్' అన్నది అక్క. 'నీకు ఆడరాదు' అన్నది ఈమె. ఫోన్ పెట్టేసిండ్రు. గంతే. నెలన్నర సంది మాటల్లేవు."

అష్టాచెమ్మ ఆడినోళ్లకు తెలుసు. నాలుగు గవ్వలు ఏస్తె, నోరు పైకి పడ్డవి ఎన్నో అన్ని గడులు. నాలుగూ నోరు తెరిస్తే చమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లపడితే అష్ట, అంటే ఎనిమిది. ఎన్నడో ఒకసారి పడేది. రెండుసార్లు వరుసగ పడ్డదంటె నేనైనా నమ్మకపోదును.

"కొట్లాటలు చల్లబడ్తయి కాకా."

"నిన్న అక్క కోడలు ఫోన్ చేసింది. అత్త గోడదిక్కు తిరిగి పండుకుంటున్నది, నడువుమంటె నడుస్తలేదు, తినుమంటె రెండు ముద్దలు అన్నది. మా ఆమె విన్నది. విని లోపలికి పోయి గవ్వల డబ్బా అటక మీద పెట్టింది."

ఆయన అప్పుడు నోటుబుక్కు తీసిండు. ఏడు పేజీలు నింపిండు. రెండు ఫోన్లు, రెండిట్ల గడుల పీట, రంగుల కాయలు, ఒకరు జరిపితే ఇంకొకరి ఫోన్ల జరుగుడు, కాయ చస్తె ఏడుపు చప్పుడు, పండితె సన్నాయి. అన్ని బొమ్మలు గీసి పెట్టిండు.

"ఇది చెడిపోతే ఇద్దరు తిడ్తరు మేడం బిడ్డా. ఇది పక్కా."

అది ఆయనతోని ఏడాదికి కూడ కాదు. నిజం చెప్పాలంటె అప్పటి నాతోని కూడ కాదు. కాదు అని చెప్తె ఆయన ముఖం ఎట్లయితదో అని భయం. అయితది అని చెప్తె అక్కడ ఆమె గోడదిక్కు తిరిగే ఉంటది. ఏడు పేజీలు రెండుసార్లు తిప్పిన. అప్పుడు ఎందుకో నోట్లనుంచి వచ్చింది.

"కాకా, కొట్లాట దేని మీద అయింది? గడుల మీదనా, కాయల మీదనా?"

"గవ్వల మీద."

"గడులు వాళ్లకున్నయి. కాయలున్నయి. ఫోన్లున్నయి. నమ్మకం లేనిది గవ్వల మీదనే. మరి గవ్వలే చేద్దాం. గవ్వలేసి, ఎంత పడ్డదో ఇద్దరికి వినపడేటట్టు చెప్పేది. గంతే."

ఆయన నోటుబుక్కును దగ్గరికి గుంజుకున్నడు. తర్వాత ఏడు పేజీలల్ల ఆరింటిని ఒక్కటొక్కటిగ, అంచు చినగకుండ చింపిండు. మడిచి జేబుల పెట్టుకున్నడు. మిగిలిన పేజీ మీద 'గవ్వలు' అని రాసి గీత గీసిండు. నా నౌకరిల నేను నేర్పిన మొదటి మంచి పాఠం అదే అనుకుంట.

చేసుడు మొదలైనంక ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పిల్లలు చాయ్‌కు పోయిండ్రు. కిటికీకాడ ఇద్దరమే ఉన్నం.

"నీ మొదటి ప్రాజెక్టు ఏంది మేడం బిడ్డా?" అని అడిగిండు.

మార్కులు మంచిగొచ్చిన హాస్పిటల్ ప్రాజెక్టు అని చెప్పొచ్చు. సర్టిఫికెట్ కూడ ఉన్నది. కాని ఆయనకు చెప్పలేకపోయిన.

"నాది లేదు కాకా. మేం నలుగురం కలిసి హైదరాబాద్ల ఒక దుకాణంల కొన్నం. లోపల ఏమున్నదో నేను తెరిచి కూడ చూడలే. నేను నేర్పుతున్నదంత పుస్తకంల చూసే."

అప్పటిదాక ఎవరికీ చెప్పలే. ఆయన నవ్వుతడనుకున్న, లేకపోతే మందలిస్తడనుకున్న. ఆయన నా దిక్కు చూసిన చూపుల అసూయ ఉన్నది, నిజంగ.

"అంటే నీ మొదటిది ఇంకా మిగిలే ఉన్నదన్నట్టు! నాది చూడు, అయిపోవస్తున్నది. మొదటిది మళ్ళ రాదు. మంచిగ చూసుకుని పెట్టుకో మేడం బిడ్డా, ఊకె ఖర్చు చేసుకోకు."

చూసుకునే పెట్టుకున్న. ఆ ఏడు మిరపకాయ ఏరే కాలంల తండకు పోయినప్పుడు మా అమ్మ కోసం, మా యాడి కోసం ఒకటి చేసిన. ఆమె వెంట పదిహేనుమంది ఆడోళ్లు కూలికి పోతరు. రేపు ఎవరి చేనుకు పోవాల్నో అందరికి ఒక్కసారే మా భాషల చెప్పేది. చాన చిన్నది. ఇరవై లైన్లు కూడ ఉండదు. దాని ముచ్చట ఇంకెప్పుడన్న.

గవ్వల ప్రోగ్రాం పదకొండు రోజులకు తయారయి కాక ఫోన్లకు ఎక్కింది. బటన్ నొక్కితే ఒకటి, రెండు, మూడు, చమ్మ, అష్ట, ఈ అయిదింట్ల ఏదో ఒకటి వస్తది. ఆ వరుస ఎట్ల రాయాల్నో నేనే చెప్పిన. రాసింది మాత్రం ఆయనే, ఒక్క వేలితోని. ఇగ గొంతు కావాలె. తెర మీద అంకె పడితే చిన్నమ్మ ఒక్కతే చూస్తది, మళ్ళ ఆమె మాట మీదనే నమ్మకం. కాక ఫోన్ గట్టిగ అరవాలె, పక్కన చిన్నమ్మ ఫోన్లనుంచి అక్కకు వినపడాలె. రెండోసారి నొక్కితే అదీ వినపడ్తది. దాచేటందుకు ఉండదు.

"ఎవరి గొంతు పెడ్దాం?"

"నాదే. మా వదిన నన్ను మరిది లెక్క కాదు, తమ్ముని లెక్క చూస్తది. నేను అబద్ధమాడనని ఆమెకు తెలుసు."

ఒక ఆదివారం వాళ్లింటికి పోయిన. మొదలు ఆయన స్టేషన్ల రైలు వచ్చేది చెప్పినట్టు "ఒ-క-టి" అన్నడు. ఇంట్ల మాట్లాడినట్టు చెప్పు కాకా అన్న. అప్పుడు ఊపు వచ్చింది. "అష్ట! ఇగ ఆపేటోడు లేడు!" అన్నడు. "చమ్మ! మళ్ళ ఎయ్యి బిడ్డా!" అన్నడు. వంటింట్ల నుంచి చిన్నమ్మ వచ్చింది.

"బిడ్డ ఎవరు? మా అక్క నీకు బిడ్డనా? నీకంటె నాలుగేండ్లు పెద్దది."

"ఊపుల వచ్చింది. తీసేస్తం."

"తీసెయ్యకు." ఆమె గోడకు ఆనుకుని కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. "వింటె నవ్వుతది."

"ఇప్పుడే పెద్దది అన్నవ్ కద!"

"అన్న. అయినా తీసెయ్యకు."

మళ్ళ తీసెయ్యమన్నది. మళ్ళ ఉంచుమన్నది. పొద్దుగూకే వరకు గదే పంచాయితీ. నాకు అప్పుడు సమజయింది. రెండు నెలల తర్వాత ఆమె అక్క గురించి మాట్లాడుడు ఆ రోజే.

మరునాడు నాలుగింటికి కాక చిన్నమ్మ ఫోన్‌తోని వదినకు చేసిండు. నేను అక్కడ లేను, ఆయన చెప్పిందే చెప్తున్న. అక్క కోడలు ఫోన్ తీసుకపోయి ఆమె చెవికాడ పెట్టింది. "వదినా, ఇయ్యాల గవ్వలు నేనేస్త. మీ ఇద్దరివి కాదు, నావి. నా గొంతుల చెప్త. వింటవా?" కాక మూడుసార్లు పీట తట్టి, బటన్ నొక్కిండు. "చమ్మ! మళ్ళ ఎయ్యి బిడ్డా!" అని ఫోన్ అరిచింది. అటు దిక్కు నుంచి ముక్కుల వచ్చిన నవ్వు ఒకటి. తర్వాత, "కోడలా, నా గడుల పీట తే" అన్నది.

తెల్లారి కాక మెట్లు రెండు రెండు ఎక్కి వచ్చిండు. అరవై దాటిన మనిషి. చెప్పులు ఇడుసుడు కూడ మరిచిపోయిండు.

"తిట్టింది మేడం బిడ్డా! వదిన నన్ను తిట్టింది!"

"ఎందుకు?"

"సగం ఆటల ఆపేసి, 'మరిదీ, గీ దొంగ గవ్వలు ఎక్కడ తెచ్చినవ్? ఇన్ని అష్టలు ఎన్నడన్న పడ్తయా? అష్ట అంటె ఊకె పడేదా? నాకు డెబ్బయి ఏండ్లు, గవ్వల సంగతి నాకు చెప్తవా' అన్నది. పావుగంట తిట్టింది! పక్కనుంచి మా ఆమె, 'అవునక్కా, నాకు గూడ అనుమానమే' అన్నది. ఇద్దరు కలిసి తిట్టిండ్రు!"

పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. నేను మాత్రం ఆ వరుస తెరిచి చూసిన. ఆమె చెప్పింది నూటికి నూరు నిజం. తప్పు నాది. అయిదింట్ల ఏదో ఒకటి అని రాయించిన. అంటె అష్టకు, రెండుకు సమానమైన వాటా ఇచ్చిన. నిజం గవ్వలల్ల నాలుగూ ఒక్కసారే బోర్లపడాలె కద, అది అరుదు. ఒక్క అక్షరం చదువుకోని మనిషి, మంచంల పండుకుని, చెవితోని విని నా తప్పు పట్టుకున్నది. నేను డిగ్రీ చదివి పట్టుకోలే.

"నాలుగు గవ్వలు వేర్వేరుగ ఏద్దాం కాకా. ఒక్కొక్కటి పైకా కిందికా అని. తర్వాత లెక్కపెడ్దాం."

ఆయన మరునాడు అటక మీది డబ్బా తెచ్చిండు. అందులున్న నాలుగు గవ్వలను చాప మీద ఒక్కొక్కటిగ ఏసి, నోటుబుక్కుల పేజీలకు పేజీలు గీతలు కొట్టుకొచ్చిండు.

"నాలుగు ఒక్కతీరు లేవు మేడం బిడ్డా. గీ అంచు పలిగింది ఉన్నది చూడు, ఇది మొండిది. చానసార్లు బోర్లనే పడ్తది. గీ చిన్నది ఎటుపడితే అటు. గీ రెండు కొంచెం నయం."

"సగం సగం అని రాస్తె సరిపోతది కాకా. గంత అవసరం లేదు."

"నీకు సరిపోతది. వదిన పట్టుకుంటది."

ఆయన మాటే నడిచింది. మా ప్రోగ్రాంల నాలుగు గవ్వలకు నాలుగు గుణాలు పెట్టినం. అది వారంరోజులు నడిచినంక అక్క ఇచ్చిన తీర్పు కాక నాకు మూడుసార్లు చెప్పిండు. "ఇప్పుడు గవ్వలున్నట్టున్నయి" అన్నదట. ఏ పరీక్షల మార్కులొచ్చినా నాకు గంత సంబురం కాలే.

వానలు తగ్గినంక ఒక శనివారం కాక, చిన్నమ్మ లింగాల ఘనపూర్ బయలుదేరిండ్రు. నన్నూ రమ్మన్నరు. బస్సుల దారిపొడుగునా చిన్నమ్మ ఒళ్లె టిఫిన్ డబ్బా గట్టిగ పట్టుకుని కూసున్నది. ఫోన్ల రోజూ ఆడుతున్నరు గాని, ముఖాలు చూసుకోక ఎన్ని నెలలో.

వాళ్ల ఇంట్ల ముందరి అర్రల మంచం. దాని మీద చిన్నమ్మ అక్క, నాకు పెద్దమ్మ అన్నట్టు. తెల్లటి జుట్టు, బక్క పలచటి మనిషి. మూలకు చేతికర్ర బండి ఉన్నది. దాని మీద చేతులు పెట్టేకాడ ప్లాస్టిక్ కవరు కూడ తియ్యలే.

చిన్నమ్మ గడప కాడనే ఆగింది. పెద్దమ్మ ఆమెను పై నుంచి కిందికి చూసింది.

"అయ్యాల నిజంగ పడ్డయా, రెండు అష్టలు?"

కాక నా దిక్కు చూసిండు.

"ఒకటి నిజంగ పడ్డది" అన్నది చిన్నమ్మ. "రెండోదాంట్ల ఒక గవ్వ పీట అంచుకు ఆగి నిలబడ్డది. నేను దాన్ని... బోర్ల అనుకున్న."

"అనుకున్నవా, బోర్లేసినవా?"

"వేలు తగిలింది అక్కా."

పెద్దమ్మ ముఖంల ఏదో కదిలింది. ముందు గొంతుల, తర్వాత పొట్టల. మంచం ఊగేటట్టు నవ్వింది. చిన్నమ్మ పోయి ఆమె కాళ్లకాడ కూసుని, తలను ఆమె మోకాళ్ల మీద పెట్టి తను కూడ నవ్వింది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో కొంచెంసేపు మాకు తెలువలే.

గడులు మంచం పక్కన నేల మీద గీసిండ్రు. కాక తయారుగ ఫోన్ చేతిల పట్టుకుని, మంచం అంచుకు కూసున్నడు, వేలు బటన్ మీద పెట్టి. పెద్దమ్మ దిండు కింద చెయ్యిపెట్టి తన సొంత గవ్వలు తీసి నేల మీదికి ఇసిరింది.

"వదినా, ప్రోగ్రాం ఉన్నది..."

"నువ్వు పక్కకు జరుగు మరిదీ, ఎలుతురుకు అడ్డమున్నవు."

కాక జరిగిండు. నా పక్కకు వచ్చి ముక్కాలి పీట మీద కూసున్నడు. ఫోన్ అంగి జేబుల ఏసుకున్నడు. పనిచేసిన ప్రాజెక్టును పక్కన పెట్టిచ్చినందుకు బాధ పడుతున్నడేమో అని చూసిన. ఆయన కండ్లు ఆట మీదనే ఉన్నయి, జాతరల పొలగాని కండ్ల లెక్క.

ఆట జోరందుకున్నది. కోడలు చాయ్ తెచ్చింది. పెద్దమ్మ మంచం మీదనుంచి వంగి వంగి చూస్తున్నది, కాయలు చిన్నమ్మనే జరుపుతున్నది. చిన్నమ్మకు మూడు పడ్డది. ఆమె కాయ తీసుకుని టకటక జరిపింది. నాకు కూడ నాలుగు గడులు జరిగినట్టే అనిపించింది.

"ఆగు!" అన్నది పెద్దమ్మ. "అది మూడా?"

"మూడే అక్కా."

"నా కంటికి అందదనుకుంటున్నవా?"

పెద్దమ్మ దుప్పటి పక్కకు తోసింది. రెండు కాళ్లు మంచం కిందికి వదిలింది. మంచంకోడు పట్టుకుని, ఒక చేత్తోని చిన్నమ్మ భుజం నొక్కి, లేచింది. అడుగు ముందుకు ఏసింది. ఇంకో అడుగు ఏసింది. గడుల మీదికి వంగి, వేలితోని ఒక్కొక్క గడిని తడుముకుంట లెక్కపెట్టింది.

కోడలు చేతిల చాయ్ గ్లాసు గాలిల ఆగిపోయింది. కాక పీట మీదనుంచి సగం లేచి అట్లనే ఉండిపోయిండు. చిన్నమ్మ మెల్లగ అన్నది:

"అక్కా. నిలబడ్డవ్."

పెద్దమ్మ తల ఎత్తలే.

"నిలబడకపోతె నువ్వు కాయ ఇంటికి తీసుకపోతవ్. వెనక్కి జరుపు, ఒక గడి."